రేపటిని ఊహించే పల్లె: గోగు శ్యామల కథలు – ఒక పరిశీలన

సమకాలీన దళిత కథను మన బోధకులలో చాలామంది శ్రమల సాక్ష్యంగానే చదువుతున్నారు. ప్రసంగంలో ఉదాహరణకు పనికివచ్చే అణచివేత ఒకటి దొరికితే చాలు, పుస్తకం మూసేస్తారు. గోగు శ్యామల కథల సంపుటి ‘ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం’ను ఆ విధంగా చదివితే అందులోని ముఖ్య విషయమే జారిపోతుంది. ఈ కథలు 2012లో ఆంగ్లంలోనూ వెలువడినందున మన వేదాంత విద్యార్థులకు వీటి పేరు కొత్త కాదు.

పశ్చిమ తెలంగాణలోని మాదిగవాడ ఈ కథల లోకం. రచయిత్రి అక్కడి అనుదిన జీవితాన్ని దయనీయ దృశ్యంగా చూపలేదు. ఒక కథలో తెల్లవారకముందే పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లే బాలికను చూస్తాం. ఆమెకు పని తెలుసు, చీకటి తెలుసు. భూస్వామి మీదికి వచ్చినప్పుడు ఎదిరించి తప్పించుకుంటుంది. ఆ ధైర్యం పైనుండి ఊడిపడినది కాదు, రోజూ చేసే పనిలోనుండి వచ్చినదని నా అభిప్రాయం.

ఆంగ్లంలో ‘రా వూండ్’ అనే పేరుతో వచ్చిన కథ మరింత లోతైనది. ఒక ఆడపిల్లను జోగినిగా చేయాలని ఊరు ముందే నిర్ణయిస్తుంది. అనగా ఆమె రేపటిని ఇతరులు ఊహించి పెట్టారు. తండ్రి ఒప్పుకోడు. పిల్లను హాస్టలులో చేర్చి, ఊరిపెద్దల ఆగ్రహాన్ని తన ఒంటిమీదికి తెచ్చుకుంటాడు. ఈ దురాచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. అయితే కథ చట్టం వైపు చూడదు. పిల్ల తల దాచుకోవడానికి దొరికిన చోటు వైపు చూస్తుంది. భవిష్యత్తును గూర్చిన ఊహ ఇక్కడ నినాదం కాదు, హాస్టలు దాకా చేసిన ప్రయాణం. బైండ్ల స్త్రీ తన భూమిని అడిగే కథలోనూ ఇదే ధోరణి గమనించవచ్చు.

భూమి ప్రస్తావన రాగానే యిర్మీయా 32వ అధ్యాయం గుర్తుకు రావడం సహజం. యెరూషలేము ముట్టడిలో ఉండగా ప్రవక్త అనాతోతులోని పొలాన్ని 17 తులముల వెండికి కొని, క్రయపత్రాలను మంటికుండలో పెట్టించాడు. వెండి తూచడం, సాక్షులు, సంతకాలు, ఇవన్నీ అంత వివరంగా ఎందుకు రాశారు? మనం నిరీక్షణను గూర్చి బోధించేటప్పుడు ఈ వివరాలను త్వరగా దాటేస్తాము. శ్యామల దాటదు. అయితే ఈ పోలికను మరీ సాగదీయరాదు. యిర్మీయాకు దేవుని వాగ్దానం ఉంది. హాస్టలుకు నడిచిన తండ్రికి అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేదు.

లోపాలు లేవని కాదు. కొన్నిచోట్ల ఊరిపెద్దలు ఒకే అచ్చులో పోసినట్లు కనిపిస్తారు. వారి భయాలు, లెక్కలు కూడా తెలిస్తే ఆ తండ్రి తెగువ మరింత బరువుగా ఉండేది. భాష విషయంలో మాత్రం నాకు ఫిర్యాదు లేదు. గ్రాంథిక బైబిలుకు అలవాటుపడిన మన చెవికి ఆ తెలంగాణ పలుకుబడి మొదట గరుకుగా తోచవచ్చు. దానిని ‘శుద్ధి’ చేసి ప్రసంగంలో చెప్పినవారిని విన్నాను. కథ మిగిలింది గానీ, మాట్లాడిన మనిషి మాయమయ్యాడు.