భయానక కథల్లో పెద్దమనిషి భాష

ఇంగ్లీషు గోథిక్ నవలలో దుష్టపాత్ర ప్రవేశించే తీరు కాలక్రమంలో మారింది. ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో ప్రకటించిన ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’లో మాంటోనీ అహంకారం అతని ముఖవర్ణనలోనే బయటపడుతుంది. 1897 నాటి బ్రామ్ స్టోకర్ నవలలో డ్రాక్యులా ప్రభువు మాత్రం అతిథిని చక్కని ఇంగ్లీషులో, నిండు మర్యాదతో ఆహ్వానిస్తాడు. పుస్తకాల ద్వారా నేర్చిన ఆ భాషను, లండన్ వీథుల్లో తననెవరూ పరాయివాడిగా గుర్తించనంతగా సానపట్టుకోవాలని అతని కోరిక. అక్కడ భాషే ముసుగు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే రవీంద్రనాథ్ ఠాగూరు రాసిన రెండు బెంగాలీ కథలు ఈ విషయంలో మరింత లోతుకు వెళ్ళాయని నా అభిప్రాయం. 1895లో ‘సాధన’ పత్రికలో వచ్చిన ‘క్షుధిత పాషాణ్’ మొదటిది. పూజా సెలవుల తరువాత కలకత్తాకు తిరిగివస్తున్న ఇద్దరికి రైలులో ఒక అపరిచితుడు తారసపడతాడు. వేషం చూస్తే పశ్చిమదేశపు ముస్లిము అనిపిస్తుంది. మాట వింటే ఏమనుకోవాలో తోచదు. రాజకీయాలు, విజ్ఞానశాస్త్రం, వేదం, పారసీక కవిత్వం, దేనినీ వదలడు. ఇద్దరిలో దివ్యజ్ఞాన సమాజపు అభిమాని అయిన బంధువు ఆ వాగ్ధాటికే దాసుడైపోతాడు. పాండిత్యం నమ్మకాన్ని ఎంత చౌకగా కొనగలదో చూపడానికే ఈ ఉపోద్ఘాతమంతా.

ఆ అపరిచితుడు జునాగఢ్ కొలువు విడిచి నిజాం కొలువులో చేరినవాడు. బరీచ్‌లో పత్తి సుంకం వసూలు చేసే అధికారి. పాడుబడిన పాలరాతి భవనంలో రాత్రులు గడిపాక ఒకనాడు అతనికి, తాను శ్రీయుతులు ఫలానా అనీ, కీర్తిశేషులు ఫలానా వారి జ్యేష్ఠపుత్రుడననీ, నాలుగువందల యాభై రూపాయల జీతగాడిననీ అనుకోవడమే హాస్యాస్పదమైన అబద్ధంగా తోస్తుంది. జీవితమంతా దస్త్రాల మధ్య గడిపేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి నిదానంగా చదవాలి. గౌరవవాచకం, వంశం, జీతం: సర్కారు భాషలో మనిషిని నిలబెట్టే మూడు కర్రలనూ రచయిత ఒక్క వాక్యంలో లాగివేశాడు. పేరు మాత్రం చెప్పలేదు. ఆ భవనం గురించి నిజం చెప్పేది పిచ్చివాడుగా పేరుపడ్డ మెహర్ అలీ. అతని భాష రెండు ముక్కల కేక.

1898 నాటి ‘మణిహారా’లో ఫణిభూషణ్ సాహా పరిచయం ఇంకా గడుసుగా ఉంటుంది. బూట్లతోనే దొర కార్యాలయంలోకి వెళ్ళి స్వచ్ఛమైన ఇంగ్లీషు మాట్లాడతాడట; పైగా గడ్డం పెంచాడట; కనుక తెల్ల వర్తకుల వద్ద అతని అభివృద్ధికి ఆశ లేదట. గౌరవానికి గుర్తు కావలసిన భాషే ఇక్కడ అనర్హత! ఇక నగలతోసహా అతని భార్యను పడవ ఎక్కించి తీసుకుపోయిన మధుసూదన్, ఆమెకు దూరపు బంధువనీ, గుమాస్తా చేతికింద పనిచేసేవాడనీ పొడిగా పరిచయమవుతాడు. కథ అతనిపై నేరం మోపదు; అనుమానాన్ని పాఠకుడికే వదిలేస్తుంది.

తెలుగు అనువాదకుడికి చిక్కు ఇక్కడే. ఇంగ్లీషు ‘హీ’ ఎవరి పరువునూ కొలవదు. బెంగాలీలో ‘సే’, ‘తిని’ అనే రెండు మెట్లున్నాయి. మనకు వాడు, అతను, ఆయన, వారు. మధుసూదన్ను ‘వాడు’ అన్నామంటే పడవ కదలకముందే తీర్పు చెప్పేసినట్టు. ‘అతను’ అనడమే న్యాయం. ఫణిభూషణ్ విషయం మరీ సున్నితమైనది. ఈ కథను ఒక బడిపంతులు రేవుమెట్ల మీద కూర్చున్న కొత్తవాడికి చెబుతాడు. విన్నవాడే ఫణిభూషణ్ సాహా అనీ, భార్య పేరు కూడా మణిమాలిక కాదనీ చివర తెలుస్తుంది. ఎదుట కూర్చున్న మనిషినే అంతసేపూ ఏ సర్వనామంతో ప్రస్తావించాలి? నేనైతే ‘ఆయన’ అనే ఉంచుతాను. పంతులు వెటకారం ఆ గౌరవంలోనే బాగా వినబడుతుంది.