పరామర్శ శబ్దార్థము – కాళిదాసుని రెండు శోకఘట్టములు

కోనసీమయందు అమలాపురము మొదలు రాజోలు, కొత్తపేటల వఱకు, మృతుల బంధువులను చూడబోవుటకు 'పరామర్శ' యనియు 'పలుకరింపు' అనియు రెండు మాటలు వాడుకలో నున్నవి. రెండింటికి నర్థ మొక్కటియే యని తోచును గాని వ్యుత్పత్తి వేఱు. రెండవది పలుకునుండి పుట్టినది. మొదటిదానికి మూలము స్పర్శార్థకమగు 'మృశ్' ధాతువు. దానికి 'పరా' యుపసర్గమును ఘఞ్ ప్రత్యయమును చేరినవి. తర్కశాస్త్రమున నిది అనుమితికి కారణమగు జ్ఞానమునకు పేరు. తెలుగువారు దానిని శోకగృహమునకు గొనిపోయి మరల ధాత్వర్థమునకే చేరువ చేసిరి. దుఃఖితునియెడ మొదట కావలసినది స్పర్శయా, పలుకా యను ప్రశ్నకు కాళిదాసుని కావ్యములం దుత్తరము గలదు.

రఘువంశము అష్టమసర్గమున ఇందుమతి మరణింపగా, వసిష్ఠుడు యాగదీక్షలో నుండుటచే తాను రాలేక శిష్యునిచేత సందేశ మంపెను. సందేశమున దోషము లేదు. మరణము దేహధారులకు స్వభావమనియు, బంధువుల యెడతెగని కన్నీరు మృతులను బాధించుననియు ముని చెప్పించెను. అజుడు కాదనలేదు, అంగీకరించియే శిష్యుని సాగనంపెను. అయినను శోకము నిండిన హృదయమున చోటు దొరకక యా మాటలు గురువుకడకే మరలినట్లు కవి యుత్ప్రేక్షించెను. అజుడు ధీరుడు కాడని యాక్షేపింపవచ్చును. అది నిలువదు. బాలుడగు దశరథునికై యతడెనిమిదేండ్లు శోకమును భరించి, పిదపనే గంగాసరయూసంగమమున దేహము విడిచెను. కవి యతనిని నిందించుచు నొక్క మాటయు పలుకలేదు.

కుమారసంభవము చతుర్థసర్గమున క్రమము వేఱు. మన్మథుడు భస్మమైన పిదప వసంతుడు రతికడకు స్వయముగా వచ్చెను. అతనిని చూడగనే యామె శోకము తగ్గకపోగా ఇబ్బడించెను. ఆత్మీయుల యెదుట దుఃఖమునకు వాకిళ్లు తెఱచుకొనునని కవి దానిని సమర్థించెను. రాక నిష్ఫలమైనట్లు కనబడును. కాని యా యేడ్పే రాకకు ఫలము. రతి చితి పేర్చుమని కోరెను. అశరీరవాణి పునస్సమాగమమును తెలుపగా, దానిని నమ్మి వసంతు డామె నోదార్చెను. ముందు సన్నిధి, పిదప రోదనము, తుదకు పలుకు.

1996 నవంబరు 6వ తేది రాత్రి కోనసీమను కూల్చిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. సముద్రమునకు పోయిన జాలరులు పెక్కురు తిరిగి రాలేదు. దేహము లభింపనివారికి ధర్మశాస్త్రము పర్ణనరదహనమును, అనగా ఆకులతో కూర్చిన ప్రతిమను దహించుటను, విధించినది. కర్మకు మార్గ మున్నది. కాని వాకిట నెదురుచూచు భార్యతో మరణము స్వభావమని చెప్పుట యెట్లు? మరణమే నిశ్చయము కానిచోట ఆ వాక్యము తార్కికులు చెప్పు ఆశ్రయాసిద్ధము వంటిది. అచ్చట కావలసినది చెంత కూర్చుండుట, చెప్పినదే మరల చెప్పినను వినుట, పొయ్యి రాజేసి యింత యన్నము పెట్టుట, పదిదినములు గడచిన పిదపను మరల పోవుట.

వసిష్ఠుని తత్త్వ మసత్యము కాదు. అది ప్రవేశించుటకు ముందు వసంతునివంటి యొకని రాక యావశ్యకము. కావున పరామర్శ పూర్వాంగమనియు, పలుకరింపు ఉత్తరాంగమనియు గ్రహించుట యుక్తము.