కుర్చీ ఇచ్చారు, ఎజెండా ఇవ్వలేదు

'ప్రజల భాగస్వామ్యం' అనే మాటని ఇవాళ అందరూ వాడుతున్నారు. ప్రపంచబ్యాంకు వాడుతుంది, ప్రభుత్వాలు వాడతాయి, స్వచ్ఛంద సంస్థలూ కాలనీ సంక్షేమ సంఘాలూ వాడతాయి. ఇంతమంది ఒకే గొంతుతో ఒక మాట అంటున్నప్పుడు అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని అడగటం మా పని. 1997 జనవరి 1న మొదలైన జన్మభూమిలో ప్రజలంటే శ్రమదానం చేసే చేతులు. 2000లో ఢిల్లీలో మొదలైన భాగీదారీలో ప్రజలంటే సొంతిల్లూ సంఘమూ ఉన్న కాలనీవాసులు. చేతులున్నవాళ్లకి నోరు లేదు, నోరున్నవాళ్లు చేతులు కదపక్కర్లేదు. పట్నంలోని మాదిగవాడ, మాలవాడ, బస్తీ ఈ రెండు అర్థాల మధ్య ఎక్కడ పడ్డాయో చూద్దాం.

ఊరు గురించి అంబేద్కర్ ఏమన్నారో మన కార్యకర్తలందరికీ తెలుసు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామ రిపబ్లిక్కుల మోజుని ఆయన కడిగేశారు. ఆ మాటల్లోని నిజం మన కళ్లముందే రుజువైంది. 1985లో కారంచేడు దళితులు ప్రాణాలు దక్కించుకోటానికి చీరాల చేరారు. 1991లో చుండూరు దళితులు తెనాలి చేరారు. ఊరు తరిమితే పట్నం నీడనిచ్చింది. అందుకే పట్నం మీద మనకొక ఆశ ఉంది. పట్నంలో కులం అడగరని, పురపాలక సంఘం అంటే ఊరి పెద్దల రచ్చబండ కాదని, అక్కడ చట్టం ఉంటుందని. ఈ ఆశని మేం కొట్టిపారేయం. పరీక్షకి మాత్రం పెడతాం.

పరీక్షకి మొదటి సాక్ష్యం మహద్. మనం మహద్‌ని చెరువు పోరాటంగా చదువుతాం. అది ఒక మునిసిపల్ తీర్మానం కథ కూడా. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం నెగ్గింది. ప్రభుత్వ డబ్బుతో నడిచే నీటివనరులూ బడులూ అస్పృశ్యులకి తెరవాలన్నది దాని సారాంశం. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. కాగితం మీద అంతా సవ్యంగా ఉంది. మూడేళ్లపాటు ఒక్క అస్పృశ్యుడు కూడా ఆ నీళ్లు ముట్టుకోలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో జనం వెళ్లి నీళ్లు తాగారు. అప్పుడు కౌన్సిల్ ఏం చేసింది? అదే ఏడాది ఆగస్టులో తన తీర్మానాన్ని తనే రద్దు చేసుకుంది. కోర్టులో తేలేసరికి 1937 వచ్చింది.

ఇందులో మనకి పనికొచ్చే పాఠం ఒకటుంది. తీర్మానం ఎవరికీ పట్టనంత కాలం అది బతికే ఉంది. దాన్ని నిజమని నమ్మి జనం కదలగానే చచ్చిపోయింది. కౌన్సిల్ హాల్లో చేతులెత్తి ఇచ్చింది కౌన్సిల్ హాల్లోనే చేతులెత్తి లాక్కున్నారు. ఆ రెండుసార్లూ ఎత్తిన చేతులు ఎవరివి? నీళ్లు కావాల్సినవాళ్ల చెయ్యి ఆ లెక్కలో ఎక్కడైనా ఉందా?

ఇప్పుడు రాజ్యాంగం దగ్గరికి వద్దాం. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితోపాటు పన్నెండో షెడ్యూల్ వచ్చింది. పురపాలక సంఘాలకి అప్పగించదగ్గ 18 పనుల జాబితా అది. మన మేధావులు ఈ జాబితాని అధికార వికేంద్రీకరణ పత్రంగా చదువుతారు. మేం దీన్ని కులం కళ్లతో చదవమంటున్నాం. ఆరో అంశం ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త. పద్నాలుగో అంశం శ్మశానాలు. పదిహేనో దాంట్లో బందెల దొడ్లు. పద్దెనిమిదోది కబేళాలు, తోళ్ల శుద్ధి. ఊళ్లో వెట్టి పేరుతో మాలమాదిగల మీద మోపిన పనుల పట్టిక రాయమంటే ఇంచుమించు ఇదే రాస్తాం. చచ్చిన గొడ్డు, పాచిపని, కాటి పని, తోలు పని. వెట్టి పోయింది, మునిసిపల్ ఉద్యోగం వచ్చింది. అదీ పోయి కాంట్రాక్టు వచ్చింది. పని మారలేదు, చేసే కులం మారలేదు.

తొమ్మిదో అంశం బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ. పదోది మురికివాడల అభివృద్ధి. అంటే ఈ షెడ్యూల్‌లో మనం రెండు చోట్ల ఉన్నాం: పనిచేసే చేతులుగా ఒకచోట, జాలిపడాల్సిన జనంగా ఇంకొకచోట. నగర ప్రణాళిక ఒకటో అంశం, భూ వినియోగం రెండో అంశం. అక్కడ మన ఊసు లేదు. బస్తీ ఉండాలా పోవాలా అన్నది తేలేది ఆ రెండు అంశాల కిందే. బస్తీకి నల్లా ఇచ్చేటప్పుడు మనల్ని పిలుస్తారు. బస్తీ నేల మీద రోడ్డు గీత గీసేటప్పుడు పిలవరు.

ఇంకో తేడా గమనించాలి. ఊరికి రాజ్యాంగం గ్రామసభని ఇచ్చింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ అందులో సభ్యులే. అది ఎంత బూటకంగా నడిచినా, అక్కడ నిలబడి అడిగే హక్కు దళిత కూలీకి కాగితం మీదైనా ఉంది. పట్నానికి అలాంటి సభ లేదు. మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న చోట వార్డుల కమిటీలు ఉండాలన్నారు. అంతకు తక్కువ జనం ఉన్న పట్నాల ఊసే లేదు. కౌన్సిల్ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకి జనాభా నిష్పత్తిలో రిజర్వేషన్ తప్పనిసరి చేసిన రాజ్యాంగం, వార్డుల కమిటీల కూర్పుని మాత్రం రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలేసింది. అంటే జనానికి అన్నిటికన్నా దగ్గరగా ఉండాల్సిన చోట మనకి రాజ్యాంగ రక్షణ లేదు.

రాష్ట్రాలు ఏం చేశాయో తెలుసుకోటానికి హైదరాబాద్ చాలు. 1986లో ఎన్నికైన కౌన్సిల్ గడువు తీరాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. 74వ సవరణ వచ్చిన తర్వాత కూడా ఎనిమిదేళ్లకు పైగా రాజధాని నగరానికి కౌన్సిలే లేదు, అధికారుల పాలనే. పారిశుద్ధ్యం పని కాంట్రాక్టర్ల చేతికి పోవటం మొదలైందీ ఆ కాలంలోనే. ఊడ్చే ఆడవాళ్లలో అత్యధికులు దళితులు. వాళ్ల బతుకుల్ని తిరగరాసిన నిర్ణయం మీద చర్చించటానికి ఎన్నికైన సభ ఒకటి లేదు.

ఆ తర్వాత భాగస్వామ్యం చట్టాలు వచ్చాయి. 2005లో వచ్చిన కేంద్ర నగర పథకం నిధులివ్వటానికి, ప్రజల భాగస్వామ్యం మీద చట్టం చెయ్యాలని షరతు పెట్టింది. దాంతో 2008లో ఉమ్మడి రాష్ట్రం ఏరియా సభలకి చట్టంలో చోటిచ్చింది. జనం అడిగితే వచ్చిన చట్టం వేరు, నిధుల కోసం వచ్చిన చట్టం వేరు. 2019 తెలంగాణ మునిసిపల్ చట్టం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు పెట్టింది: యువకులకి ఒకటి, మహిళలకి ఒకటి, వయోవృద్ధులకి ఒకటి, ప్రముఖులకి ఒకటి. ఈ పేర్లు ఒకసారి మళ్లీ చదవండి. వయసు ఉంది, ఆడ-మగ తేడా ఉంది, పరువు ఉంది. కులం లేదు, శ్రమ లేదు. 'ప్రముఖులు' అనే మాట మన వాడల్లో ఎవరికి వర్తిస్తుందో చట్టం రాసినవాళ్లే చెప్పాలి.

కౌన్సిల్ హాల్లోకి వెళితే రిజర్వుడు సీటు నుంచి గెలిచిన సభ్యురాలు కనిపిస్తుంది. ఆమెకి కుర్చీ ఉంది. ఎజెండా తయారయ్యేది మాత్రం ఆమె లేని గదిలో. ఏ అంశం ముందుకి రావాలి, ఏది 'తర్వాత చూద్దాం'లోకి పోవాలి అన్నది అక్కడే తేలిపోతుంది. పైగా ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎక్స్ అఫీషియో సభ్యులుగా వచ్చి కూచుంటారు. వాళ్లముందు మొదటిసారి గెలిచిన దళిత స్త్రీ గొంతు పెగలాలి. రిజర్వేషన్ రొటేషన్‌లో మారితే ఆ వార్డు చేజారుతుంది. పని నేర్చుకునేసరికి సీటు పోతుంది.

హాలు బయట ఉన్నవాళ్ల సంగతి ఇంకా తేలిక. సమావేశం పెట్టేది పనిదినాన, పని వేళల్లో. రిటైరైన కాలనీ పెద్దమనిషి రాగలడు. రోజుకూలీ వస్తే ఆ రోజు కూలి పోతుంది. కాలనీ సంఘం వినతిపత్రం టైపు చేయించి తెస్తుంది, దానికి నంబరు పడుతుంది. బస్తీ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వస్తే అది 'గొడవ' అవుతుంది, పోలీసులొస్తారు. ఒకే నీళ్ల సమస్య ఒకచోట భాగస్వామ్యం, ఇంకోచోట శాంతిభద్రతల సమస్య. ఈ తేడాకి పేరు కులం.

ఇదంతా విని కొందరు మిత్రులు, అయితే ఈ కుర్చీలెందుకు, బహిష్కరిద్దాం అంటారు. మేం ఒప్పుకోం. కుర్చీ విలువ ఎంతో అగ్రకులాలకి బాగా తెలుసు. 1997 జూన్ 30న తమిళనాడులోని మేలవలవులో, రిజర్వుడు స్థానంలో పంచాయతీ అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్‌ని, ఆయనతోపాటు మరో అయిదుగురు దళితుల్ని చంపేశారు. విలువ లేని కుర్చీ కోసం ఎవరూ ఆరుగుర్ని చంపరు. ఇటు చూస్తే జోతీరావు ఫూలే ఉన్నాడు. 1876 నుంచి కొన్నేళ్లపాటు ఆయన పుణే మునిసిపాలిటీ సభ్యుడు. వైస్రాయ్ లిట్టన్ రాక కోసం పట్నాన్ని ముస్తాబు చేసే ఖర్చుని, ఆ డబ్బు చదువుకి పెట్టమని, ఒంటరిగా వ్యతిరేకించాడు. ఓడిపోయాడు. అయినా ఆ ఒక్క ఓటు ఈనాటికీ సాక్ష్యం చెబుతోంది. కుర్చీలో కూచోవటం వేరు, కూచుని కాదనటం వేరు. మనకి రెండోది కావాలి.

కాబట్టి మా డిమాండ్లు సూటిగా ఉన్నాయి. ఏ పట్నమైనా, ఎంత చిన్నదైనా, వార్డు ఓటర్లందరితో సభ జరగాలి. అది బస్తీలోనే, కూలి చెడని వేళలో జరగాలి. వార్డు కమిటీల్లో ఎస్సీ, ఎస్టీల వాటా చట్టంలో రాసి ఉండాలి. ఎజెండా తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో, ముందుగా బస్తీ గోడమీద అంటించాలి. వ్యతిరేకించినవాళ్ల మాట, పేరు మినిట్స్‌లో ఎక్కాలి. ఎస్సీ, ఎస్టీల కోసం కేటాయించిన నిధులు ఏ వీధిలో ఖర్చయ్యాయో ఆ సభలో చదివి వినిపించాలి. పారిశుద్ధ్యం మీద చర్చ జరిగినప్పుడు ఊడ్చేవాళ్లకి హాల్లో మాట్లాడే హక్కు ఉండాలి. మ్యాన్‌హోల్‌లో మనిషి చనిపోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చచ్చాక లెక్కగట్టే రాజ్యం, బతికుండగా రెండు మాటలు వింటే ఆ లెక్క అవసరమే రాదు.

విద్యార్థులకి, ఉపాధ్యాయులకి ఒక పని చెబుతాం. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. మీ పట్నం కౌన్సిల్ గత అయిదేళ్ల మినిట్స్ అడిగి తీసుకోండి. మీ వాడ పేరు ఎన్నిసార్లు వచ్చిందో, ఏ సందర్భంలో వచ్చిందో, ఎవరు ఎత్తారో, ఏం తేల్చారో ఒక్కొక్కటీ రాయండి. 'తొలగింపు' పక్కన ఎన్నిసార్లు వచ్చింది, 'మంజూరు' పక్కన ఎన్నిసార్లు వచ్చిందో విడిగా లెక్కపెట్టండి. ఆ కాగితం పట్టుకుని వాడలో కూచోండి, అందరికీ చదివి వినిపించండి. తర్వాతి సమావేశానికి ఎజెండా అక్కణ్ణుంచే పోవాలి.