చివరి క్షణపు హర్రాజు - ధర్మాధర్మ విచక్షణ

హైదరాబాదు వాసులు వేలాన్ని 'హర్రాజు' అంటారు. అది అరబీ నుండి వచ్చిన మాట. హర్రాజు పాడించేవాడు మూడుసార్లు పిలిచి, పెంచేవారు ఇక లేరని తేలిన పిమ్మటే సరుకు అప్పగిస్తాడు. ఇంటర్నెట్ వేలంలో పిలుపు లేదు, గడియారమే తీర్పరి. జహనుమాలో సెల్‌ఫోను ముందు కూర్చున్న కొనుగోలుదారు, మూడు రోజులుగా తనదే పై పాట అనుకొని, ఆఖరి సెకనులో ఓడిపోవచ్చు. ఇది హరామ్ అని కొందరు తీర్పు చెబుతున్నారు. నిబంధన ప్రకారం జరిగినదానిలో తప్పేమిటని మరికొందరి వాదన. రెండూ తొందరపాటు మాటలే.

దైవప్రవక్త (స) ఒక పేద అన్సారీ వస్తువులను స్వయంగా వేలం వేసి రెండు దిర్హములకు ఇప్పించినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం తెలుపుతుంది. నిషేధింపబడినది 'నజష్', అనగా కొనే ఉద్దేశం లేకనే ధర పెంచడం. చివరి క్షణంలో పాడేవాడు నిజంగా కొనదలచినవాడే. సోదరుని బేరంపై బేరమాడరాదన్న ఆజ్ఞ, అమ్మకందారు ఒకరి వైపు మొగ్గిన తర్వాతనే వర్తిస్తుందని అధిక సంఖ్యాక ఫుఖహా అభిప్రాయం.

ఈ ఎత్తుగడ కొత్తదేమీ కాదు. కొవ్వొత్తి ఆరేవరకు సాగే వేలంలో, ఆరబోయే ముందు పొగ తీరు కనిపెట్టి పాడి గెలిచినవాని సంగతిని 1662లో లండను వాసి శామ్యూల్ పెపీస్ తన దినచర్యలో వ్రాసుకున్నాడు. రోత్, ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రకటించిన పరిశోధన కారణాన్ని తేటపరచింది. గడువు స్థిరంగా ఉన్న ఈబేలో చివరి పాటలు హెచ్చు. పాట పడితే గడువు పొడిగించిన నాటి అమెజాన్ వేలంలో తక్కువ. కనుక దోషం మనిషిలో కంటే నిబంధనలోనే ఎక్కువ.

ఓడినవాని ఫిర్యాదు కూడ సగమే నిజం. ఈబేలో తన గరిష్ఠ ధరను ముందే తెలుపవచ్చు. అవసరమైన మేరకే యంత్రం పెంచుతుంది. నిజమైన హద్దును ముందే చెప్పినవాణ్ణి, అంతకు తక్కువ పాడేవాడు ఏ సెకనులోనూ ఓడించలేడు.

మిగిలిన సగం అమ్మేవానికి సంబంధించినది. 2023 ఆగస్టులో కోకాపేట భూములకు ఎకరాకు 35 కోట్లు కనీస ధర పెట్టగా, ఒక స్థలం 100.75 కోట్లు పలికింది. ఆ వేలం జరిపిన ఎం.ఎస్.టి.సి. వేదికపై, ఆఖరి నిమిషాలలో పాట పెరిగితే గడువు పొడిగించే పద్ధతి ఉంది. పెంచగలవారుండగా తలుపు మూస్తే నష్టపోయేది అమ్మేవాడే. సొంత వస్తువైతే ఆ నష్టాన్ని అంగీకరించే హక్కు అతనికుంది. అనాథల ఆస్తి, వక్ఫు దుకాణాల కౌలు అయితే, ముతవల్లీ యజమాని కాడు, అమానతుదారు మాత్రమే. కొన్ని సెకన్ల కోసం హక్కుదారుల సొమ్మును వదులుకునే అధికారం అతనికి లేదు. అటువంటి ఆస్తులకు గడువు పొడిగించే నిబంధనే న్యాయం. అదే హర్రాజులోని మూడవ పిలుపు.