ఎనిమిదిన్నర మీటర్లు, మూడే అంగలు

యర్రాజి జ్యోతి పరుగు చూడని వాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటే: ఆ అమ్మాయి హర్డిల్ మీంచి దూకదు, దాటుతూ పరిగెడుతుంది. తేడా తెలియాలంటే పక్కనుంచి చూడాలి. తల గీత గీసినట్టు ఒకే ఎత్తున సాగిపోతుంది.

నూరు మీటర్లలో పది హర్డిళ్లు. ఒక్కోటీ 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిదాకా 13 మీటర్లు, అక్కణ్ణుంచి ప్రతి రెండింటి మధ్యా 8.5 మీటర్లు. ఆ నడుమ పడాల్సినవి మూడే అంగలు. నాలుగోది పడిందా, ముందు కాలు మారిపోతుంది, లయ చెడుతుంది. గాల్లో ఉన్నంతసేపూ వేగం తగ్గడమే తప్ప పెరగదు. అందుకే మడమ అంచు దాటీదాటగానే ముందు కాలిని నేలకు గుంజేయాలి. వెనక కాలిని మడిచి, పక్కనుంచి చంక కిందికి లాక్కున్నట్టు తిప్పి, పరుగులో కలిపేయాలి. ఇదంతా రెప్పపాటులో, పదిసార్లు!  

విశాఖలో జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో పనిచేసింది. హైదరాబాదులో కోచ్ నాగపురి రమేశ్ గారి దగ్గర దిద్దుకున్న అడుగులు భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ చేతిలో పదునెక్కాయి. అయితే మా పల్నాడు వాళ్లకు ఆమె మీద ఇంకో హక్కుంది. మన నరసరావుపేట, మాచర్ల డిగ్రీ కాలేజీల పట్టాల మీదుండే నాగార్జున విశ్వవిద్యాలయమే ఆమెదీ. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ పెట్టిన 13.38. డోప్ పరీక్ష జరగలేదని ఆ పరుగును లెక్కలోకి తీసుకోలేదు! 2022లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనక గాలి పరిమితి సెకనుకు 2.0 మీటర్లయితే 2.1 వీచిందని కొట్టేశారు. నాకు ఇప్పటికీ కడుపు రగిలే మాటలివి. ఆమె మాత్రం అదే ఏడాది మేలో సైప్రస్‌లో 13.23తో రికార్డు తన పేర రాయించుకుంది, అక్టోబరులో బెంగళూరులో 12.82కు దించింది. 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78, కాంస్యం. ఒలింపిక్స్‌లో ఈ పందెం పరిగెత్తిన తొలి భారతీయురాలు కూడా ఆమే, 2024లో. 2025 మేలో గుమిలో, వానకు ఖాళీ అయిన స్టేడియంలో 12.96తో ఆసియా అథ్లెటిక్స్ పోటీల స్వర్ణం నిలబెట్టుకుంది. మెచ్చుకోవడానికి ఎవరూ లేని చోట అంత పరుగు!

ఇక మన దగ్గర హర్డిల్స్ పేరుతో జరిగేది చూస్తే మనసు చివుక్కుమంటుంది. క్రికెట్‌కు షామియానాలు, మైకులు, కప్పులు. అమ్మాయిల హర్డిల్స్‌కు కంకర నేల, కంటికి తోచిన దూరం. ఒక కాలేజీ పోటీల్లో నా కళ్లారా చూశాను. హర్డిల్ పాదాలు పరుగు వచ్చే వైపు ఉండాలి, అప్పుడే కాలు తగిలితే ముందుకు వాలిపోతుంది. అక్కడ అన్నీ తిరగేసి పెట్టారు. మూడోదానికి తగిలిన పిల్ల బోర్లా పడింది. మోకాలి చర్మం లేచిపోయి, అందులో ఎర్రటి ఇసుక. లేవదీసినాయన, “ఏం కాదులేమ్మా, సర్టిఫికెట్ ఇస్తాంలే” అన్నాడు. ఆ పిల్ల సర్టిఫికెట్ అడగలేదు. “సార్, నాకు అడుగులు ఎందుకు కుదర్లేదు?” అంది. దూరాలు కొలవని చోట ఎలా కుదురుతాయి తల్లీ!

కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లకు, మన పీడీ గార్లకు, చేతులు జోడించి అడుగుతున్నాను. ఈసారి ఆటల పోటీలప్పుడు, అమ్మాయిల పందెం పిలిచే ముందు, టేపు పట్టి ఎనిమిదిన్నర మీటర్లు కొలవండి. ఒక్కసారి వంగి, హర్డిల్ పాదాలు ఎటున్నాయో చూడండి.