తోప్‌కాపీ ప్రాసాదం: భక్తి, ఆధారం

రాజప్రాసాదం మ్యూజియంగా మారినప్పుడు అందులోని వస్తువులు ఉన్నచోటనే ఉన్నా వాటి పని మారిపోతుంది. సుల్తాను ఖజానాలో ఉన్నంతకాలం అవి అధికార చిహ్నాలు; అద్దాల వెనుకకు చేరిన తర్వాత అవి చరిత్రకు సాక్షులు. సాక్షిని గౌరవించవచ్చు, సాక్ష్యాన్ని మాత్రం పరీక్షించాలి. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్రాసాదాన్ని ఈ దృష్టితో చూడవలసిన బాధ్యత ఇతరులకంటే ముస్లిములపైనే ఎక్కువగా ఉంది.

1453లో కుస్తున్‌తునియాను జయించిన సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ కట్టించిన ఈ ప్రాసాదం సుమారు 400 ఏళ్లు ఉస్మానీ పాలనకు కేంద్రం. 1856లో సుల్తాన్ అబ్దుల్ మజీద్ దోల్మాబాహ్చే ప్రాసాదానికి తరలిపోయాడు. ఖిలాఫత్ రద్దయిన 1924లోనే తోప్‌కాపీ మ్యూజియమైంది. ఇక్కడి చైనా పింగాణీని, వజ్రాలను వర్ణించినవారు చాలామంది ఉన్నారు. మన విమర్శ 1962లో ప్రజలకు తెరిచిన తబర్రుకాత్ విభాగానికే పరిమితం.

1517లో ఈజిప్టును జయించిన సుల్తాన్ సలీం కాలంనుండి ఇక్కడికి పవిత్ర చిహ్నాలు చేరుతూ వచ్చాయి. దైవప్రవక్త (స) పవిత్ర వస్త్రంగా ఉస్మానీలు భద్రపరచినది ఇక్కడే ఉంది. అదే విభాగంలో మూసా (అలై) చేతికర్ర, దావూద్ (అలై) ఖడ్గం, యూసుఫ్ (అలై) తలపాగా అనే పేర్లతో మరికొన్ని వస్తువులున్నాయి. పక్కనే హాఫిజుల ఖుర్‌ఆన్ పారాయణం వినిపిస్తూ ఉంటుంది. ఆ వాతావరణంలో సందర్శకుని మనస్సు కరగడం సహజం. అయితే వేల సంవత్సరాలనాటి ప్రవక్తల వస్తువులు ఎవరి చేతులమీదుగా ఇక్కడికి వచ్చాయి? ఒక్క హదీసు వాక్యాన్ని స్వీకరించడానికి ఉల్లేఖకులందరి పేర్లూ, నడవడీ ఆరా తీసిన సమాజం ఒక కర్ర విషయంలో ఆ ప్రశ్న వేయకపోవడం వింత కాదా?

అనువాదకునికి ఇక్కడ మరొక చిక్కు కనిపిస్తుంది. ‘మన్సూబ్’ అన్న ఒక్క మాట వదిలేసి ‘మూసా (అలై) చేతికర్ర’ అని రాస్తే, తేలని విషయం తేలిపోయినట్లే అవుతుంది. ‘ఆయనదిగా చెప్పబడేది’ అనడం భక్తికి లోపం కాదు, అమానత్‌కు న్యాయం.

పరీక్షించడంవల్ల నష్టం లేదనడానికి ఈ ప్రాసాదమే నిదర్శనం. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముస్‌హఫ్‌గా ప్రసిద్ధి చెందిన ప్రతి ఒకటి ఇక్కడ ఉంది. తుర్కీ ధార్మిక వ్యవహారాల శాఖకు లోగడ అధ్యక్షుడైన డా. తయ్యార్ ఆల్తికులాచ్ దానిని పరిశోధించి 2007లో ప్రకటించాడు. 408 పత్రాలు మిగిలివున్న ఆ ప్రతి హజ్రత్ ఉస్మాన్ (రజి) రాయించినది కాదనీ, కొంత తర్వాతి కాలపుదనీ ఆయన తేల్చాడు. లిపి పద్ధతిలోని తేడాలు, లేఖకుని పొరపాట్లు తప్ప దాని పాఠం నేడు మన చేతుల్లో ఉన్న ఖుర్‌ఆన్ పాఠమేనని కూడా ఆయన పరిశోధనే చూపింది. పోయింది ఒక బిరుదు. దక్కింది, హిజ్రీ తొలి రెండు శతాబ్దాలనాటి సాక్ష్యం. ఈ రెండింటిలో ఏది విలువైనదో పాఠకులే నిర్ణయించగలరు.

హజ్రత్ ఉమర్ (రజి) హజ్రె అస్వద్‌ను ముద్దాడుతూనే అది మేలుగాని కీడుగాని చేయలేని రాయి అని స్పష్టం చేశారు. దైవప్రవక్త (స) ముద్దాడగా చూశారు కనుకనే తానూ ముద్దాడారు. ప్రేమ, ఆధారం రెండూ అక్కడ కలిసే ఉన్నాయి. తోప్‌కాపీకి వెళ్లే ముస్లిము వెంట తీసుకువెళ్లవలసినది ఆ చూపునే.