బెంచీల వరసలో ఊరి చరిత్ర

ఇంగ్లండ్ పడమటి అంచున, వేల్స్ సరిహద్దుకు ఆనుకుని ష్రాప్‌షైర్ కౌంటీ ఉంది. అందులో ష్రూస్‌బరీ పట్నానికి ఉత్తరాన మిడిల్ అనే చిన్న పల్లె. ఏ రాజూ దాన్ని రాజధాని చేసుకోలేదు, పేరున్న యుద్ధమేదీ అక్కడ జరగలేదు. అయినా ఇంగ్లండ్‌లో ఊరి చరిత్రలు రాసేవాళ్లందరికీ ఆ పేరు తెలుసు. అందుకు కారణం రిచర్డ్ గాఫ్ (1635–1723) అనే రైతు. మిడిల్ పారిష్‌లోని న్యూటన్‌లో సొంత భూమి చేసుకుని బతికిన ఈయన, అరవై దాటిన వయసులో కలం పట్టి 1700లో పారిష్ పాత విశేషాల మీద ఒక రచన చేశాడు. మరుసటి ఏడాది, 1701లో, రెండో రచన మొదలుపెట్టాడు. ఈసారి చర్చిలోని బెంచీల పటం గీశాడు. ఒక్కో బెంచీ దగ్గర ఆగి అది ఏ ఇంటిదో, ఆ ఇంట్లో తరతరాలుగా ఎవరున్నారో, ఎవరు బాగుపడ్డారో, ఎవరు చెడిపోయారో చెప్పుకుంటూ పోయాడు. ఊరి చరిత్ర రాసే పనిలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఏ వరసలో రాయాలన్నదే. ఆ వరసను రచయిత తన ఇష్టప్రకారం కల్పించుకోకూడదు, ఊళ్లో అప్పటికే ఉన్న ఒక వరసకు కట్టుబడాలి. ఇదీ నా వాదన. దీనికి గాఫ్ కన్నా గట్టి సాక్షి నాకు కనిపించడు.

బెంచీలకు అంత ప్రాధాన్యం ఎందుకో ముందు చెప్పుకోవాలి. ఆ కాలపు ఇంగ్లండ్‌లో పారిష్ అంటే ఒక చర్చికి చెందిన పల్లెల గుంపు. మతానికే కాక పన్నులకు, పేదల పోషణకు కూడా అదే లెక్క. మిడిల్ చర్చిలో కూర్చునే చోటు మనిషిది కాదు, ఇంటిది. పొలం చేతులు మారితే బెంచీ కూడా మారేది. ముందు వరసల్లో పెద్దింటివాళ్లు, వారి వెనక పెద్ద రైతులు, చివర గుడిసెల్లో ఉండేవాళ్లు. చర్చి పన్ను కట్టనివాళ్లు కట్టేవాళ్ల కన్నా ముందు కూర్చోవడం ఊరి పెద్దలకు మింగుడుపడని విషయమైందని గాఫ్ రాశాడు. అంటే ఆయన గీసిన పటం ఆ ఊరి భూమి, హోదా, తగాదా మూడూ కలిసిన కాగితం. దాన్ని ఆయన కల్పించలేదు. ఊరు తనను తాను ఏ వరసలో కూర్చోబెట్టుకుందో, ఆ వరసనే తన పుస్తకానికి తీసుకున్నాడు.

ఆ రోజుల్లో స్థల చరిత్ర అంటే వేరే మూస ఉండేది. 1656లో అచ్చయిన విలియం డగ్‌డేల్ వార్విక్‌షైర్ చరిత్ర అందుకు మేలుబంతి. ఏ జమీను ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఏ వంశానిది ఏ చిహ్నం, ఏ చర్చిలో ఎవరి సమాధి ఉంది, ఇవీ అందులో ముఖ్యాంశాలు. గాఫ్ మొదటి రచన కూడా చాలావరకు ఆ దారినే నడిచింది. పారిష్ హద్దులు, శిథిలమైన కోట, దాని ప్రభువులు, చర్చి గురువుల వరస అందులో ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి అదే మనిషి, అదే ఊరి మీద, దాదాపు అదే జ్ఞాపకంతో రెండోది రాశాడు. అందులో కమ్మరులు, దర్జీలు, సారాయికి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లు, కోళ్ల దొంగలు, అప్పుల పాలైన పెద్దమనుషులు బారులు తీరి వస్తారు. ఏడాదిలో రచయిత తెలివి పెరిగిందని అనుకోలేం. మారినది పుస్తకం కట్టుబడి. ప్రభువుల వరసలో రాసినప్పుడు కమ్మరికి చోటుండదు. బెంచీల వరసలో రాసినప్పుడు కమ్మరిని దాటిపోవడానికి వీలుండదు. మన దగ్గర ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కర్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి తోటివారు సేకరించిన గ్రామ కైఫియత్తులకూ ఈ మాట వర్తిస్తుంది. కరణాల కవిలెల నుంచి, ఊరి పెద్దల నోటి నుంచి వచ్చిన ఆ రచనల్లో గుడి, మాన్యం, అగ్రహారం, పాలించిన వంశం ముందుకొస్తాయి. అడిగినవాడికి కావలసింది అదే కాబట్టి. వాటి విలువ తక్కువని కాదు. ప్రశ్న ఎక్కడ మొదలైతే జవాబులోకి అక్కడి మనుషులే వస్తారని మాత్రం ఒప్పుకోవాలి.

ఒక రైతుకు ఇన్ని కుటుంబాల మూడు నాలుగు తరాల సంగతులు ఎలా తెలిశాయి? దీని మీద మొదటి ఆక్షేపణ వస్తుంది: ఇది చరిత్ర కాదు, రచ్చబండ కబుర్లు అని. ఆ కబుర్ల వెనక ఉన్న భూమి సంగతి చూస్తే ఈ ఆక్షేపణ కొంత మెత్తబడుతుంది. మిడిల్‌లో చాలా పొలాలు మూడు ప్రాణాల కౌలు మీద నడిచేవి. కౌలు పత్రంలో ముగ్గురి పేర్లు రాస్తారు, మామూలుగా రైతు, భార్య, ఒక కొడుకు. ఆ ముగ్గురిలో చివరివాడు పోయేదాకా కౌలు చెల్లుతుంది. ఒకరు పోతే సొమ్ము కట్టి కొత్త పేరు చేర్పించుకోవచ్చు. అలాంటి ఊళ్లో ఎవరు బతికున్నారు, ఎవరు ఎవరి కొడుకు, ఎవరి పెళ్లి ఎప్పుడైంది అన్నవి పొద్దుపోని మాటలు కావు, ఆస్తి లెక్కలు. బెంచీ తగాదా వచ్చినప్పుడు కూడా తాతల కాలంలో ఎవరెక్కడ కూర్చునేవారో చెప్పగలిగినవాడి మాటే నెగ్గుతుంది. పైగా గాఫ్ కుర్రతనంలో రాబర్ట్ కార్బెట్ అనే మేజిస్ట్రేటు దగ్గర గుమాస్తాగా పనిచేసి పత్రాలు చదవడం నేర్చినవాడు. ఆయన జ్ఞాపకం అలాంటి అవసరంలో, అలాంటి శిక్షణలో పదునెక్కిందని నా అంచనా.

అంచనాతో సరిపెట్టుకోనక్కర్లేదు, పరీక్ష కూడా జరిగింది. లెస్టర్‌లో 1948లో స్థల చరిత్రకంటూ ఒక విశ్వవిద్యాలయ శాఖ ఏర్పడింది. దాన్ని నడిపిన డబ్ల్యు.జి. హోస్కిన్స్ గాఫ్ పుస్తకానికి కొత్త పాఠకులను తెచ్చినవారిలో ముఖ్యుడు. ఆ సంప్రదాయంలోనే పెరిగిన డేవిడ్ హే అనే చరిత్రకారుడు చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, చనిపోయినవారి ఆస్తి జాబితాలు, కోర్టు కాగితాలు ముందు పెట్టుకుని గాఫ్ మాటలను సరిచూశాడు. 1974లో మిడిల్ మీద ఆయన పుస్తకం వచ్చింది. రైతు జ్ఞాపకం చాలావరకు నిలబడిందని తేలింది. గాఫ్‌కు ఇష్టాయిష్టాలు లేవని దీనర్థం కాదు. తాగుబోతుల మీద, సోమరుల మీద ఆయన నోరు దురుసు. చెడ్డ నడతకు చెడ్డ చావు తప్పదని నమ్మేవాడు. అయితే తీర్పు వేరు, సమాచారం వేరు. ఆయన తీర్పును పక్కన పెట్టినా సమాచారం మిగులుతుంది. జాన్ ఆస్టన్ కథ చూడండి. ఇరవైనాలుగు కోళ్లను దొంగిలించాడని అతని మీద నేరం మోపారు. సొత్తు విలువ 12 పెన్నీలు దాటితే చట్టం ప్రకారం ఉరిశిక్ష. జ్యూరీ ఆ కోళ్లన్నిటికీ కలిపి 11 పెన్నీలు ఖరీదు కట్టింది. ఆ ప్రాంతంలో కోళ్లు ఇంత చవకా అని న్యాయమూర్తి నవ్వాడట. చట్టాల పుస్తకం ఎంత చదివినా, ఆ చట్టం కింద మనుషులు ఒకరినొకరు ఎలా కాపాడుకున్నారో తెలియదు. అది కబుర్లలోనే దొరుకుతుంది.

రెండో ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది. బెంచీల పటం హోదాల పటమే కదా, దాన్ని పట్టుకున్న చరిత్ర హోదాలకే కొమ్ము కాయదా? బెంచీ లేనివాళ్ల మాటేమిటి? పెద్దిళ్లలో పనిచేసే కుర్రవాళ్లు, దాసీలు, ఒక ఏడాది ఉండి వెళ్లిపోయే కూలీలు ఈ పటంలో ఎక్కడా సొంతంగా కనిపించరు. ఆడవాళ్లు తండ్రి ఇంటి బెంచీ నుంచి భర్త ఇంటి బెంచీకి నడిచే మనుషులుగా వస్తారు. ఇదంతా నిజం. పటం పూర్తి న్యాయం చేస్తుందని నేననను. పటం ఎవరిని వదిలేసిందో మనకు తెలుస్తుందని మాత్రం అంటాను. రచయిత తనకు తోచినవాళ్లను ఏరుకుని రాస్తే, ఏరనివాళ్లు అసలు ఉన్నారనే ఆనవాలే ఉండదు. ముందే ఉన్న ఒక జాబితాను పట్టుకుంటే, ఆ జాబితాకు ఉన్న నియమం తెలుస్తుంది. నియమం తెలిస్తే దాని బయట ఉన్నదెవరో తెలుస్తుంది. అప్పుడు వాళ్లను వేరే కాగితాల్లో, పేదల ఖర్చుల లెక్కల్లోనో ఖననాల రిజిస్టర్లోనో వెతకవచ్చు. ఇంకొక సంగతి కూడా ఉంది. హోదాల వరసలో రాసినా, ప్రతి బెంచీకీ దాని కథ చెప్పాలనే నియమం వల్ల గాఫ్ పుస్తకంలో వెనక వరసల గుడిసెలవాళ్లు ముందు వరసల భూస్వాములంత సజీవంగా ఉన్నారు. వరస హోదాదే అయినా, చెప్పే తీరు హోదాను లెక్కచేయలేదు.

మూడో ప్రశ్న: ఇంతా చేసి ఒక్క పల్లె గురించి తెలిస్తే ఏమొస్తుంది? అది దేశమంతటికీ అద్దం పడుతుందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేరు. పశువుల మేత మీద ఎక్కువగా బతికిన ఉత్తర ష్రాప్‌షైర్ పల్లె, ధాన్యం పండించే తూర్పు ఇంగ్లండ్ పల్లెకు నమూనా కాదు. చిన్న ఊరి చరిత్ర ఇచ్చేది సగటు కాదు, ఆచూకీ. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధం గురించి గాఫ్ మొదటి రచనలోనే రాసిన భాగం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ ఆ పాత మూస కూడా ఒకసారి బద్దలవుతుంది. 1642లో రాజు తరఫున సైన్యంలో చేరమని సర్ పాల్ హారిస్ 16 నుంచి 60 ఏళ్ల మగవాళ్లందరినీ మిడిల్ కొండ మీదికి పిలిపించాడు. వారానికి 14 గ్రోట్లు, అంటే 56 పెన్నీల జీతం ఆశ చూపాడు. అప్పటికి ఇంకా పిల్లవాడైన గాఫ్ ఆ తమాషా చూడ్డానికి వెళ్లాడు. ఆపైన ఆయన మిడిల్, మార్టన్, న్యూటన్ మూడు పల్లెల నుంచి వెళ్లిన ఇరవై మంది లెక్క తీశాడు. అందులో పదముగ్గురు చచ్చిపోయారు. రిచర్డ్ చాలనర్ అనే కుర్రవాడు పెళ్లి కాని తల్లికి పుట్టి, కొంతవరకు పారిష్ సొమ్ముతో పెరిగినవాడు. ఎడ్జ్‌హిల్ యుద్ధానికి వెళ్లాక అతని కబురే తెలియలేదు. సత్రం నడిపేవాడి సోదరుడు ఎక్కడ పోయాడో తాను చెప్పలేనంటాడు గాఫ్. ఇంకొకడు బహుశా ఆజ్వెస్ట్రీ దగ్గర పోయాడంటాడు. చివరికి, మూడు పల్లెల నుంచే ఇంతమంది పోతే దేశం మొత్తం మీద ఎన్ని వేలమంది పోయి ఉంటారోనని ఊహిస్తాడు. లెక్కల శాస్త్రం ఈ ఊహను ఒప్పుకోదు. అయినా ఈ జాబితా లేకపోతే మనకు తెలియనిది ఒకటుంది: దిక్కులేని కుర్రవాడికి యుద్ధం ఒక కొలువులా కనిపించిందని. రాజు హక్కు, పార్లమెంటు హక్కు అన్న వాదనలన్నీ చదివినా 56 పెన్నీల ఆకర్షణ అర్థం కాదు. తెలిసినదాన్ని తెలిసిందనీ, విన్నదాన్ని విన్నాననీ, తెలియనిదాన్ని తెలియదనీ ఆయన విడివిడిగా చెప్పిన తీరు కూడా ఈ పనిలోకి దిగేవారు నేర్చుకోదగ్గది.

చివరి ఆక్షేపణను తేలిగ్గా దాటేయలేను. ఇరుగుపొరుగు గుట్లన్నీ రాయడానికి ఈయనకు హక్కు ఎవరిచ్చారు? ఫలానావాడి భార్య ఎలాంటిది, ఫలానావాడు ఏం దొంగిలించాడు అన్నవి వాళ్ల మనవలు అదే చర్చిలో కూర్చుని ఉండగా రాశాడు. గాఫ్ తరఫున ఒక మాట చెప్పవచ్చు. ఆయన బతికుండగా పుస్తకం అచ్చుకాలేదు. పోయిన 111 ఏళ్లకు, 1834లో, మొదటిసారి అచ్చయింది. అదీ కొంత భాగమే. పూర్తి పాఠం 1875లో వచ్చింది. కాలమే తెర వేసింది. నేడు రాసేవాళ్లకు ఆ తెర లేదు. సాయంత్రం రాసింది రాత్రికి ఊరంతా చదువుతుంది. కాబట్టి బతికున్నవారి విషయంలో గాఫ్ దూకుడు మనకు పనికిరాదు. ఆయన క్రమశిక్షణ మాత్రం పనికొస్తుంది. ఎవరి గుట్టు రాయాలో తేల్చుకోవడం వేరు, ఏ ఇంటినీ వదలకపోవడం వేరు. ఒక ఇంటి గురించి అవమానం కలిగించే మాట వదిలేయవచ్చు, ఆ ఇంటినే వదిలేయడానికి వీల్లేదు.

ఊరి చరిత్ర రాయబోయేవారు అందుకే ముందుగా తాము తయారుచేయని ఒక జాబితాను చేతిలోకి తీసుకోవాలి. పాత ఓటర్ల జాబితా కావచ్చు, ఇంటి పన్ను రిజిస్టరు కావచ్చు, బడి హాజరుపట్టీ కావచ్చు. ఆ జాబితా ఎవరిని వదిలేస్తుందో మొదటి పేజీలోనే చెప్పాలి. ఆ తర్వాత వరస తప్పకుండా ప్రతి పేరు దగ్గరా ఆగాలి. ఏమీ దొరకని చోట దొరకలేదని రాయాలి. ఇలా చేస్తే పుస్తకం కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తుంది. గాఫ్ పుస్తకం కూడా కొన్నిచోట్ల కొడుకుల, కూతుళ్ల పేర్ల వరసే. ఆ విసుగు రచయిత నిజాయితీకి మనం కట్టే ఖరీదు. ఊరిలోంచి వచ్చిన గొప్పవారి పేజీలు ఏ పుస్తకంలోనైనా బాగానే ఉంటాయి. ఒక ఊరి చరిత్ర చేతికొచ్చినప్పుడు, దాన్ని రాసినవారికి ఎవరంటే గిట్టదో కనిపెట్టి, వాళ్ల పేజీలు ముందు చదవాలి. ఆ పేజీలు ఉన్నాయా లేవా, ఉంటే ఎంత శ్రద్ధగా రాశారు అన్నదాన్ని బట్టే ఆ పుస్తకం విలువ కట్టాలి.